కతోలిక బడిలో క్యాటకిజం చెప్పబోతున్న కొత్త టీచరుకు: ‘మనం’ ఎప్పుడు, ‘మేము’ ఎప్పుడు?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. డి.ఎడ్. పూర్తిచేశారు, విశాఖపట్నంలో ఒక కతోలిక ప్రాథమిక పాఠశాలలో చేరారు. వచ్చే సోమవారం నుంచి నాలుగో తరగతికి క్యాటకిజం (కతోలిక పిల్లలకు చెప్పే మతబోధ), మోరల్ సైన్స్ రెండూ మీకే అప్పగించారు. క్లాసులో నలభై రెండు మంది ఉంటే కతోలిక పిల్లలు తొమ్మిది మంది. ఎంతవరకు చెప్పాలి, చట్టం ఏమంటుంది, పిల్లలు చిక్కు ప్రశ్నలు వేస్తే ఏం చేయాలి అని అడిగారు.

ఇదే ఊళ్లో ఇలాంటి బడిలోనే పంతొమ్మిదేళ్లు ఆ రెండు పీరియడ్లూ తీసుకున్నాను. మొదటి మూడేళ్లలో చేసినవన్నీ దాదాపు తప్పులే. అందుకే ఒక తప్పుతో మొదలుపెడతాను.

డిసెంబరు 8 నిష్కళంక మాత పండుగ. ఆ రోజు రాస్ హిల్ మీది మరియమాత గుడికి జనం ఎలా బారులు తీరుతారో మీరు చూసే ఉంటారు. (మా వాళ్లు చర్చిని గుడి అనే అంటారు, కొత్తవాళ్లు కంగారుపడతారు.) ఆ పండుగకు వారం ముందు నేను క్లాసు మొత్తానికీ మంగళవార్త జపం, అంటే మరియమాతకు చేసే ప్రార్థన, కంఠతా పెట్టించాను. తప్పు లేకుండా అప్పజెబితే అయిదు మార్కులన్నాను. నన్ను ఎవరూ చేయమనలేదు, అది నా ఉత్సాహమే. రెండు రోజుల తరువాత ఒక తండ్రి వచ్చారు, అయ్యప్ప మాలలో ఉన్నారు. కోప్పడి ఉంటే నాకు తేలికగా ఉండేది. ఆయన నెమ్మదిగా, “టీచరుగారూ, కొండ గుడికి మేమూ ఏటా వెళ్తాం. మా ఆవిడ మార్గశిర గురువారాలు కనకమహాలక్ష్మి అమ్మవారికి చేస్తుంది, మరియమ్మకు కొవ్వొత్తీ వెలిగిస్తుంది. మొక్కడానికి మాకు అభ్యంతరం లేదు. మార్కుల కోసం మొక్కడం మాత్రం మా ఇంట్లో అలవాటు లేదు” అన్నారు.

ఆ సాయంత్రమే మార్కుల పుస్తకంలో ఆ గడి కొట్టేశాను.

చట్టం కూడా దాదాపు ఆయన చెప్పిందే చెబుతుంది. రాజ్యాంగం 30వ అధికరణం మైనారిటీలకు విద్యాసంస్థలు పెట్టి నడుపుకునే హక్కు ఇచ్చింది, కాబట్టి మీ బడిలో క్యాటకిజం చెప్పడంలో తప్పేమీ లేదు. అయితే 28వ అధికరణంలోని మూడో క్లాజు ప్రకారం, ప్రభుత్వ గుర్తింపో ధనసాయమో ఉన్న బడిలో పిల్లవాడు మతబోధకు, ఆరాధనకు హాజరై తీరాలని సంరక్షకుల సమ్మతి లేకుండా పట్టుబట్టకూడదు. సమ్మతి పత్రం ఉందో లేదో ముందు కనుక్కోండి. ఉంటే, అది తెలుగులో ఉందో లేదో కూడా చూడండి. ఇంగ్లీషు కాగితం మీద చూపించిన చోట సంతకం పెట్టిన తల్లి దేనికి ఒప్పుకుందో ఆమెకే తెలియదు.

పిల్లల్ని రెండు గదులుగా విడదీసేటప్పుడు అడ్మిషన్ రిజిస్టరులోని మతం గడిని నమ్ముకోకండి. ఇది ఎవరూ ముందుగా చెప్పరు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు, తరువాతి సవరణలతో కలిపి, హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులకే ఎస్సీ హోదా ఇస్తుంది. అదే కులం నుంచి క్రైస్తవంలోకి వచ్చినవారిని మన రాష్ట్రంలో వెనుకబడిన తరగతుల్లోని బీసీ-సి వర్గం కింద లెక్కిస్తారు. అందుకే ఆదివారం చర్చిలో జరిగే దివ్యపూజలో ముందు వరుసలో నిలబడి పాడే పిల్ల మీ రిజిస్టరులో హిందువుగా ఉండవచ్చు. ఆ గడి వెనుక ఒక ఇంటి చదువు, ఉద్యోగం, భయం అన్నీ ఉంటాయి. తప్పెవరిదో తేల్చడం టీచరు పని కాదు. “క్రైస్తవులు ఎంతమంది, చేతులెత్తండి” అని క్లాసులో ఎన్నడూ అడగవద్దు. జాబితా బయటికి చదవవద్దు. తల్లిదండ్రులను విడివిడిగా అడగండి, వాళ్లు పంపితే పిల్ల వస్తుంది.

ఇక అసలు సంగతి. ఇన్నేళ్లలో నాకు అక్కరకొచ్చిన పనిముట్టు ఒకటే, అది తెలుగు వ్యాకరణంలో ఉంది. ఎదుటివారిని కలుపుకుంటే ‘మనం’, కలుపుకోకపోతే ‘మేము’. ఇంగ్లీషులో రెండింటికీ ఒకే మాట కాబట్టి పాఠ్యపుస్తకం ఆ చిక్కును తెలివిగా దాటేస్తుంది. తెలుగులో నోరు విప్పితే ప్రతి వాక్యంలోనూ తేల్చాల్సిందే.

క్యాటకిజం గదిలో ఆ తొమ్మిది మందితో “దివ్యసత్ప్రసాదంలో, అంటే పూజలో ఇచ్చే అప్పంలో, క్రీస్తు ఉన్నాడని మనం నమ్ముతాం” అని నిస్సంకోచంగా అనండి. నాన్చవద్దు. వాళ్ల ఇళ్లవాళ్లు పంపింది అందుకే. నలభై రెండు మందీ ఉన్న గదిలో క్రిస్మస్ గురించి చెప్పవలసి వస్తే “మేము, అంటే కతోలికులం, ఇలా నమ్ముతాం” అనండి. “అందరూ ఇలా నమ్మాలి” అన్నది ఆ గదిలో చెల్లదు. అలాగని “అన్నీ ఒకటేనమ్మా” అని కూడా అనకండి. వినడానికి మర్యాదగానే ఉంటుంది. కానీ ఆషాఢ పౌర్ణమికి తాత చెయ్యి పట్టుకుని సింహాచలం గిరిప్రదక్షిణ చేసి, అరికాళ్లు బొబ్బలెక్కి బడికి వచ్చిన పిల్లవాణ్ని ఒకసారి చూడండి. ముప్ఫై రెండు కిలోమీటర్లు వాడు నడిచింది అప్పన్న కోసం, మనం తేల్చిపారేసే ‘అన్నీ’ కోసం కాదు.

‘మేము’ అన్నది గుచ్చుకుంటుంది కూడా. ఒకసారి మోరల్ సైన్స్ గదిలో ఒక పాప లేచి “టీచర్, మేము అంటే నేను లేనా?” అంది, కళ్లలో నీళ్లతో. దాని స్నేహితురాలు క్యాటకిజానికి వెళ్తుంది, ఇది వెళ్లదు, దుఃఖమంతా అదే. నేనేదో సర్దిచెప్పబోయి తడబడ్డాను. అప్పటి నుంచి ‘మేము’ అన్నాక వెంటనే “మీ ఇంట్లో ఎలా?” అని అడగడం అలవాటు చేసుకున్నాను. అలా అడిగితే క్లాసు నడపడం మన పని కాకుండా పోతుంది, పిల్లలే నడిపేస్తారు. రేవు దగ్గర మూడు కొండలున్నాయి కదా, రాస్ హిల్ మీద మరియమాత, దర్గా కొండ మీద ఇషాక్ మదనీ దర్గా, పక్కనే వేంకటేశ్వరస్వామి కొండ. వాటి బొమ్మ వేయించండి. ఒకరి కొండ గురించి మరొకరు ప్రశ్నలు రాయాలి, జవాబు ఆ ఇంటి పిల్లలే చెప్పాలి. ఒక అబ్బాయి నాలుగో కొండ వేశాడు. అదేమిటంటే కైలాసగిరి, అక్కడ రైలుబండి ఉందన్నాడు. కాదనలేకపోయాను.

కాపీ కొట్టడం, టిఫిన్ తెచ్చుకోని పిల్ల పక్కన కూర్చోవడం, చనిపోయిన తాత, ఇవన్నీ ఎటూ ‘మనం’ పాఠాలే. వాటికి నా సలహా అక్కర్లేదు.

ఇది నా సొంత పైత్యమని బడిలో ఎవరైనా అంటే, కతోలిక బిషప్పుల రెండో వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న ఇతర మతాల గురించి చేసిన ప్రకటనను చూపించండి. ఆ మతాల్లో సత్యమైనదాన్ని, పవిత్రమైనదాన్ని శ్రీసభ (కతోలిక సంఘం) తోసిపుచ్చదని అందులో ఉంది. సత్యోపదేశం (క్యాటకిజం) వేరు, బడిలో మత విషయాలు చెప్పడం వేరు అని 1997 నాటి వాటికన్ మార్గదర్శక గ్రంథం కూడా విడదీసి చెప్పింది.

చిక్కు ప్రశ్నల సంగతికి వస్తాను. 2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుపాను. మీరు అప్పటికి బడిలో చదువుకుంటూ ఉంటారేమో. బడి మళ్లీ తెరిచాక క్యాటకిజంలో వరుస ప్రకారం వచ్చిన పాఠం యేసు తుపానును అణచడం. దాటేయాలని నాకు తోచలేదు. చేపల రేవులో తండ్రి పడవ దెబ్బతిన్న పిల్లవాడొకడు ఉన్నాడు. “ఆగమంటే గాలి ఆగింది కదా టీచర్. మరి మన గాలిని ఎందుకు ఆపలేదు?” అన్నాడు. “దేవుడు మనల్ని పరీక్షిస్తాడు నాన్నా” అన్నాను. వాడు నన్ను ఒకసారి చూసి కూర్చున్నాడు. ఆ పీరియడ్‌లో మళ్లీ నోరు విప్పలేదు.

ఆదివారం మా విచారణ గురువులను, అంటే మా చర్చి ఫాదర్‌ను, అడిగాను. “మీకు తెలియనిది తెలియదని చెప్పండి, మార్కు నాలుగో అధ్యాయం ఇంకోసారి నెమ్మదిగా చదివించండి” అన్నారు ఫాదర్. మరుసటి వారం పిల్లలతోనే చదివించాను. యేసు పడవ వెనుక భాగంలో తలగడ మీద నిద్రపోతున్నాడు, శిష్యులు లేపారు: బోధకుడా, మేము నశించిపోతున్నాం, నీకు చింత లేదా? “చూశావా, నువ్వు అడిగిందే వాళ్లూ అడిగారు. ఆయన నిన్ను కోప్పడడు. ఎందుకు ఆపలేదో నాకు తెలియదు” అన్నాను. అప్పుడు వెనుక నుంచి ఒక పాప, “మేము అన్నారేమిటి టీచర్, ఆయనా అదే పడవలో ఉన్నాడుగా, మనం అనాలి” అంది.

దానికి నేను ఏ వ్యాఖ్యానమూ చేయలేదు. మీరూ చేయకండి.

క్రైస్తవ పిల్లలందరూ కతోలికులు కారని కూడా గుర్తుంచుకోండి. మన ఊళ్లో బాప్టిస్టులు, పెంతెకోస్తువాళ్లు చాలామంది. “మీరు బొమ్మకు మొక్కుతారట, పాపమని మా పాస్టరుగారు చెప్పారు” అని వాళ్లలో ఎవరో ఒకరు తప్పక అంటారు. పాస్టరుగారిని తక్కువ చేసి ఒక్క మాట అనకండి, ఆ పిల్లవాడు రాత్రికి ఆ ఇంట్లోనే అన్నం తినాలి. నేను ఇంట్లో గోడకున్న నాయనమ్మ ఫోటో గురించి అడుగుతాను. దండ వేసేది కాగితానికా, నాయనమ్మకా? ఆరాధన దేవుడికే, ప్రతిమలకు గౌరవం మాత్రమే అని 787లో నైసియాలో జరిగిన రెండో మహాసభ తేల్చిన విషయం తొమ్మిదేళ్ల పిల్లలకు ఆ ఫోటోతోనే తెలిసిపోతుంది. ఒప్పుకోవాలని లేదు, అర్థమైతే చాలు.

నాలుగో తరగతి కాబట్టి కతోలిక పిల్లలను మొదటి దివ్యసత్ప్రసాదానికి సిద్ధం చేయడం కూడా మీ మీదే పడవచ్చు. దానికి ముందు చేసే పాపసంకీర్తనం (ఫాదర్ దగ్గర పాపాలు ఒప్పుకోవడం) అంటే పిల్లలకు పరీక్ష భయం లాంటిది. ఒకడు పక్కవాడి పాపాల చీటీ చూసి యథాతథంగా దించేశాడు. ‘తమ్ముణ్ని కొట్టాను’ అని రాశాడు, వాడికి తమ్ముడే లేడు. చీటీలు రాయించడం ఆ రోజే మానేశాను.

సోమవారం క్యాటకిజానికి తోబితు కథతో మొదలుపెట్టండి. తండ్రికి చూపు పోయింది, కొడుకు దూరప్రయాణం, తిగ్రిసు నదిలో మీదికి దూకిన పెద్ద చేప, దాని పిత్తంతో తిరిగొచ్చిన చూపు. విశాఖ పిల్లలకు చేప ఎంత పొడుగు, ఏ రకం అన్నదే ముందు కావాలి, ఓపిక పట్టండి. ఇంటికెళ్లి వెతికి “మా బైబిల్లో ఈ కథ లేదు” అని ఎవరో ఒకరు వస్తారు. ఆ ఇంట్లో ఉన్నది అరవై ఆరు గ్రంథాల బైబిలు, మన దాంట్లో డెబ్బై మూడు. తగవు పెట్టుకోకుండా రెండూ బల్ల మీద పెట్టి విషయసూచికలు లెక్కపెట్టించండి, ఒక పీరియడ్ హాయిగా గడుస్తుంది. తోబియా వెంట ఒక కుక్క కూడా నడుస్తుంది. దాని పేరేమిటని తప్పకుండా అడుగుతారు. బైబిల్లో చెప్పలేదు. పిల్లలనే పెట్టమనండి. మా క్లాసులో అది రాజా.