నీళ్లలా కారుతోందని విరేచనాలు కట్టే మాత్ర వేయొచ్చా?

ప్రశ్న: మా అత్తగారికి 74 ఏళ్లు. పక్షవాతం వచ్చి మూడు నెలలుగా మంచంలోనే ఉన్నారు, యూరిన్ ట్యూబ్ పెట్టారు. వారం రోజులు మోషన్ అవలేదు, నిన్నటి నుంచి కొంచెం కొంచెంగా నీళ్లలా కారుతూనే ఉంది. పక్కబట్టలు మార్చలేక తిండి, నీళ్లు తగ్గించాం. విరేచనాలు కట్టే మాత్ర వేయమంటున్నారు ఇంట్లోవాళ్లు. వేయొచ్చా?

జవాబు: వేయకండి. వారం రోజులు మోషన్ లేకుండా ఉండి ఉన్నట్టుండి ఇలా కారుతోందంటే అది చాలాసార్లు విరేచనాలు కాదు. మలం గట్టిపడి కింద అడ్డం పడితే పైనున్న పల్చటిది దాని పక్కనుంచి జారి బయటికి వస్తుంది, చూసేవాళ్లకి అచ్చం విరేచనాల్లాగే ఉంటుంది. ఇప్పుడు ఆ మాత్ర వేస్తే లోపలిది ఇంకా బిగుసుకుపోతుంది. ఈరోజే డాక్టర్ని గానీ నర్సుని గానీ పిలిపించండి, మలద్వారంలో వేలితో పరీక్ష చేస్తే చాలావరకు తెలిసిపోతుంది, ఎనీమా (కింద నుంచి ఎక్కించే మందు ద్రవం) కావాలో సపోజిటరీ (మలద్వారంలో పెట్టే మందు బిళ్ల) చాలో వాళ్లే చూస్తారు. మీరే ఎనీమా ఇచ్చే ప్రయత్నం మాత్రం చేయకండి. పొట్ట ఉబ్బినా, వాంతులైనా, మలంలో రక్తం కనిపించినా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.

నీళ్లు తగ్గించామన్నారే, నాకు అది చదివి బాధేసింది, మీ కష్టం తెలియక కాదు. నీళ్లు తగ్గితే పేగు మలంలో ఉన్న కాస్త తడినీ లాగేసుకుంటుంది, మూత్రం చిక్కబడి ఇన్ఫెక్షన్‌కి దారి ఇస్తుంది. ఒకసారి యూరిన్ బ్యాగు వెలుతురులో చూడండి, లేత పసుపు రంగులో ఉండాల్సింది ముదిరిపోయి, వాసన వస్తోందంటే నీళ్లు చాలట్లేదనే. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు లేకపోతే రోజుకి లీటరున్నర దాకా ఇవ్వొచ్చు, ఉంటే డాక్టరు చెప్పినంతే.

అయితే పక్షవాతం కాబట్టి మింగడం సరిగ్గా ఉందో లేదో ముందు పరీక్ష చేయించండి. తాగించేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టి చిన్న చెంచాతో పట్టండి, దగ్గు వచ్చినా, తాగాక గొంతు గురగురలాడినా అక్కడితో ఆపేయండి. తాగగానే పడుకోబెట్టకండి, ఓ అరగంట అలాగే ఉంచండి.

బ్యాగు ఎప్పుడూ నడుము కన్నా కింద వేలాడాలి, కానీ నేలకి తగలకూడదు. ఒక ఇంట్లో రాత్రంతా మూత్రం రాలేదని కంగారుగా ఫోన్ చేస్తే వెళ్లాను, ట్యూబు ఆవిడ తొడ కింద పడి నలిగిపోయి ఉంది, తీసి సరిచేయగానే బ్యాగులోకి దిగడం మొదలైంది. అలా సరిచేశాక కూడా రాకపోతే, పొత్తికడుపు బిగిస్తే, వెంటనే డాక్టర్ని పిలవాలి. ఇంకోటి, మూడు నెలలైంది కదా, ఆ ట్యూబ్ ఇంకా అవసరమేనా అని కూడా అడగండి. ఉన్నన్ని రోజులూ ఇన్ఫెక్షన్ భయం ఉంటుంది.

తడిసిన ప్రతిసారీ ముందు నుంచి వెనక్కి తుడిచి, కడిగి, ఆరబెట్టండి, లేకపోతే పుండ్లు పడతాయి.

ఈ అడ్డం పోయాక, డాక్టరు కూర్చోబెట్టొచ్చంటే, పొద్దున టిఫిన్ తిన్న అరగంటకి కమోడ్ కుర్చీలో కూర్చోబెట్టండి. కడుపులో ఏదైనా పడ్డాక పేగు తనంతట తానే కదులుతుంది. పాదాలు స్టూలు మీద ఆనాలి, ఒళ్లు కొంచెం ముందుకి వంగాలి. పెద్దావిడ, సిగ్గుతో బిగపట్టుకుంటారు, మనకి చెప్పరు కూడా. తలుపు దగ్గరగా వేసి, పడిపోకుండా మీరు పక్కనే ఉండి, ముఖం అటు తిప్పుకుని నిలబడండి.