పీజీకి కెమెరాలు: పాత పీసీ సరిపోతుందా, ఎన్‌వీఆర్ కొనాలా?

చిరంజీవి కార్తీక్‌కు మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ మదనపల్లె నుంచి ఫోన్ చేసింది. మారతహళ్లిలో నాలుగంతస్తుల బిల్డింగ్ లీజుకు తీసుకుని లేడీస్ పీజీ పెడుతున్నావట, సంతోషం. కెమెరాల రికార్డింగ్‌కు మాత్రం ఎన్‌వీఆర్ (కెమెరా బొమ్మలను రికార్డ్ చేసే విడి డబ్బా) కొనకుండా నీ పాత గేమింగ్ పీసీనే వాడతానంటున్నావట. "ఇరవై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నావు కదరా, వాడికి ఒక మాట చెప్పు" అంది అక్క. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే కూర్చుని రాస్తున్నాను.

నీ ఆలోచనను నేను తీసిపారేయడం లేదు. నేను ఈ పనిలోకి వచ్చిన రోజుల్లో మాకు రికార్డింగ్ అంటే పీసీయే. బెంగళూరు ఎస్పీ రోడ్డులో డీవీఆర్ కార్డు (కెమెరా బొమ్మను పీసీలోకి తీసుకునే కార్డు) కొనుక్కొచ్చి మదర్‌బోర్డు మీద పీసీఐ స్లాట్‌లో గుచ్చేవాళ్లం. వెనకాల కెమెరా వైర్లు తగిలించే నాలుగు బీఎన్‌సీ తోకలు వేలాడేవి. విండోస్ ఎక్స్‌పీ, 352 బై 288 పిక్సెళ్ల బొమ్మ. ఎవరో వచ్చారని తెలిసేది, ఆ వచ్చింది ఎవరో తెలిసేది కాదు. అయినా అదే గొప్ప అనుకుని వందల షాపులకు పెట్టాం.

2010 ప్రాంతంలో చిక్కపేటలో ఒక బట్టల హోల్‌సేల్ షాపుకు అలాంటిదే పెట్టాను. ఒక సోమవారం పొద్దున్నే ఓనర్ ఫోన్ చేశాడు, ఆదివారం రాత్రి గోడౌన్‌లో బేళ్లు పోయాయని. పరుగున వెళ్లాను. స్క్రీన్ మీద నాలుగు కెమెరాలూ చక్కగా కనబడుతున్నాయి. ప్లేబ్యాక్ తెరిచాను. రికార్డింగ్ ఉన్న రోజుల కింద నీలం గీత ఉంటుంది కదా, ఆ గీత పదకొండు రోజుల వెనకే ఆగిపోయింది. ఆ రోజు కరెంటు పోయి వచ్చింది. పీసీ ఆన్ అయి పాస్‌వర్డ్ అడుగుతూ నిలబడింది. కౌంటర్ కుర్రాడు పాస్‌వర్డ్ కొట్టి సాఫ్ట్‌వేర్ తెరిచాడు, బొమ్మలు వచ్చాయి, పని అయిపోయిందనుకున్నాడు. రికార్డ్ బటన్ విడిగా నొక్కాలని వాడికి తెలీదు. వాడికి చెప్పాల్సింది నేను, చెప్పలేదు. ఆ ఓనర్ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ గీత చివర వేలు పెట్టి అలాగే కూర్చుండిపోయాడు. ఇన్నేళ్లయినా ఎక్కడ రికార్డర్ బిగించినా నాకు ఆ వేలే గుర్తొస్తుంది.

ఆ తర్వాత నేను స్టాండలోన్ వైపు, అంటే పీసీ అక్కర్లేకుండా తనే రికార్డ్ చేసుకునే విడి డబ్బా వైపు తిరిగాను. దాని గొప్పంతా ఒక్క చోటే ఉంది. కరెంటు వచ్చిన నిమిషం రెండు నిమిషాల్లో తనే లేచి, ఎవరినీ ఏమీ అడక్కుండా రికార్డింగ్ మొదలుపెడుతుంది. లోపల చిన్న లైనక్స్, ఒకే ఒక్క పని. దాని మీద ఎవరూ సినిమా చూడరు, ట్యాలీ ఎక్కించరు, పెన్‌డ్రైవ్‌తో వైరస్ తేరు.

నువ్వు ఇంజినీరువి, పీసీలో కూడా ఇవన్నీ సరిచేసుకోవచ్చని నీకు తెలుసు. బయాస్ సెట్టింగుల్లో కరెంటు రాగానే ఆన్ అయ్యేలా పెట్టొచ్చు. రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌ను ఎవరూ లాగిన్ కాకపోయినా నడిచే సర్వీస్‌గా పెట్టొచ్చు. విండోస్ అప్‌డేట్ అర్ధరాత్రి రీస్టార్ట్ చేయకుండా ఆపొచ్చు. పాత మెషిన్ అంటున్నావు కాబట్టి అందులో విండోస్ 10 ఉండి ఉంటుంది. దానికి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, అందుకే లైనక్స్ వేసి ఫ్రిగేట్ అనే ఉచిత కెమెరా రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ పెడతానంటావు. మంచి సాఫ్ట్‌వేరే, మనిషినీ పిల్లినీ విడదీసి చెబుతుంది. కానీ సంక్రాంతికి నువ్వు మదనపల్లెలో ఉంటావు. ఇక్కడ రాత్రి రెండింటికి డిస్క్ మౌంట్ కాలేదనుకో, అంటే సిస్టమ్‌కు డిస్క్ అందలేదనుకో. పీజీలో ఉండేది వార్డెన్ అక్క. ఆమెకు ఫోన్లో టెర్మినల్ కమాండ్లు చెబుతావా? నీకు చేతనవునా కాదా అని నేను అడగడం లేదు, నువ్వు లేని రాత్రి అది నడుస్తుందా అని అడుగుతున్నాను. ఆ రాత్రి కోసమే పీజీకి స్టాండలోన్ అంటున్నాను.

కరెంటు లెక్క కూడా చూడు. గేమింగ్ పీసీ ఊరికే 100 వాట్లు తింటుందనుకుంటే నెలకు 72 యూనిట్లు. రెండు డిస్కులున్న రికార్డర్ 20 వాట్లనుకుంటే 14 యూనిట్ల చిల్లర. బిల్లు తేడా ఎలాగూ ఉంటుంది, యూపీఎస్ తేడా ఇంకా పెద్దది. అదే చిన్న యూపీఎస్ మీద పీసీ కొద్దిసేపే ఆగుతుంది, రికార్డర్ చాలాసేపు ఆగుతుంది.

ఇక అసలు తలనొప్పి స్టోరేజి. 2024 జూలైలో కోరమంగళ పీజీలో ఒక అమ్మాయిని చంపేశారు, ఆ ఫుటేజ్ నువ్వూ చూసే ఉంటావు. ఆ తర్వాత బీబీఎంపీ (అప్పటి బెంగళూరు నగరపాలక సంస్థ) పీజీలకు ఇచ్చిన మార్గదర్శకాల్లో ప్రవేశ, నిష్క్రమణ ద్వారాల దగ్గర కెమెరాలు ఉండాలని, ఫుటేజ్ 90 రోజులు ఉంచాలని చెప్పింది. కర్ణాటక 2017 ప్రజా భద్రతా చట్టం అడిగేది 30 రోజులే, పీజీకి దానికి మూడింతలు. ఇప్పుడు బీబీఎంపీ పోయి గ్రేటర్ బెంగళూరు అథారిటీ వచ్చింది కాబట్టి, లైసెన్సు పని మీద ఆఫీసుకు వెళ్లినప్పుడు ఈ 90 రోజుల మాట అడిగి ఖాయం చేసుకో. ఎలాగైనా నువ్వు 90కే సిద్ధపడు.

లెక్క ఇలా వేయాలి. రెండు మెగాపిక్సెల్ కెమెరా, హెచ్.265లో (వీడియోను కుదించే పద్ధతి) సెకనుకు 2 మెగాబిట్ల దగ్గర పెడితే రోజుకు 21.6 జీబీ. నీ బిల్డింగ్‌కు పది కెమెరాలనుకుంటే రోజుకు 216 జీబీ, 90 రోజులకు దాదాపు 19.5 టీబీ. ఎనిమిది ఛానళ్ల (ఛానల్‌కు ఒక కెమెరా) రికార్డర్లలో చాలావాటికి డిస్క్ ఒక్కటే పడుతుంది. కాబట్టి పదహారు ఛానళ్లది, రెండు సాటా స్లాట్లు, అంటే రెండు డిస్కులు పెట్టే చోట్లు ఉన్నది తీసుకో. ఒక్కో స్లాట్‌కు గరిష్ఠంగా ఎన్ని టీబీ పడుతుందో స్పెసిఫికేషన్ షీట్‌లో చూసి కొను. షాపువాడు "ఎంతైనా తీసుకుంటుంది సార్" అంటాడు, నమ్మొద్దు.

ఇక్కడ కొంచెం తెలివి వాడొచ్చు. గేటు, రిసెప్షన్, పార్కింగ్ ఈ మూడూ 24 గంటలూ రికార్డ్ కావాలి. ఇందులో నేను రాజీపడను. కారిడార్లు, మెట్లు, టెర్రస్ తలుపు మోషన్ (కదలిక ఉన్నప్పుడే రికార్డ్) మీద పెట్టు, కదలికకు కొన్ని సెకన్ల ముందు నుంచి రికార్డయ్యేలా ప్రీ రికార్డ్ ఆన్ చేయి. ఆ ఏడింటికీ మూడో వంతు పట్టిందనుకుంటే మొత్తం రోజుకు 115 జీబీ, 90 రోజులకు పదిన్నర టీబీ లోపు. రెండు 6 టీబీ డిస్కులతో గట్టెక్కుతావు. అయితే మూడో వంతు అనేది నా అంచనా. అమ్మాయిలు షిఫ్టుల నుంచి ఏ వేళైనా వస్తారు, పోతారు. మొదటి వారం డిస్క్ ఎంత నిండిందో చూసి లెక్క సరిచేసుకో.

డిస్క్ మాత్రం నిఘా కెమెరాల కోసం చేసినదే కొను. డబ్ల్యూడీ పర్పుల్, సీగేట్ స్కైహాక్ అలాంటివి. నీ పీసీలోని మామూలు డిస్క్ పీకి ఇందులో వేయొద్దు. అది పగలంతా రాత్రంతా రాస్తూనే ఉండటానికి చేసింది కాదు.

డీవీఆర్ రకమా (పాత కోయాక్స్ వైరు మీద నడిచేది), ఎన్‌వీఆర్ రకమా (నెట్‌వర్క్ కేబుల్ మీద నడిచేది) అనేది గోడలోని వైరును బట్టి తేలుతుంది. ఇంతకుముందు నడిపినవాళ్లు కెమెరాలు పీకేసి వైరు వదిలేశారని అక్క చెప్పింది. అది త్రీ ప్లస్ వన్ కేబుల్ (కరెంటుకు, ఆడియోకు మూడు వైర్లు, బొమ్మకు ఒక కోయాక్స్) అయితే, లోపల రాగి నల్లబడకుండా ఉంటే, దాన్ని పారేయొద్దు. ఎక్స్‌వీఆర్ (కొత్త రకం డీవీఆర్) పెడితే అదే వైరు మీద రెండు, ఐదు మెగాపిక్సెల్ కెమెరాలు నడుస్తాయి. ఆ కేబుల్ నీ పీసీకి నేరుగా తగలదు, మళ్లీ ఆ డీవీఆర్ కార్డుల కాలానికి పోవాలి. వైరు పాడైపోయి ఉంటే మాత్రం క్యాట్ 6 నెట్‌వర్క్ కేబుల్ లాగి, పీఓఈ స్విచ్ (అదే కేబుల్‌లో కరెంటు కూడా పంపేది) పెట్టి, ఐపీ కెమెరాలు, ఎన్‌వీఆర్ వేసుకో. కెమెరాకు విడిగా కరెంటు వైరు, పవర్ సప్లై డబ్బా, డీసీ పిన్‌ల గొడవ ఉండదు. ఒక్కో కేబుల్ వంద మీటర్లు దాటకుండా చూసుకుంటే చాలు. రికార్డర్, కెమెరాలు వేర్వేరు కంపెనీలవైతే రెండింటికీ ఓఎన్‌వీఐఎఫ్ (వేర్వేరు కంపెనీల పరికరాలు కలిసి పనిచేసే ప్రమాణం) ఉందో లేదో అడుగు.

స్టాండలోన్‌లో లోపాలు లేవని నేననను. మౌస్ పట్టుకుని మూడు రోజుల ఫుటేజ్ వెతకడం ప్రాణాంతకం. పీసీలో నిమిషంలో దొరికేది ఇక్కడ గంట పడుతుంది. కొన్ని కంపెనీలు ఎక్స్‌పోర్ట్‌ను సొంత ఫార్మాట్‌లో ఇస్తాయి, వాళ్ల ప్లేయర్ లేకుండా తెరుచుకోదు. కొనేటప్పుడు షాపులోనే పెన్‌డ్రైవ్‌లోకి ఒక క్లిప్ దించి నీ ఫోన్లో తెరిచి చూడు.

పాస్‌వర్డ్ ఇంకో సంగతి. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని డీవీఆర్‌లను, కెమెరాలను లక్షల్లో పట్టుకుంది. ఆ అక్టోబర్ 21న వాటితోనే, వెబ్‌సైట్ల పేర్లకు చిరునామాలు చూపించే డిన్ అనే కంపెనీ మీద దాడి చేస్తే అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి ఆగాయి. పెట్టేవాడు "అడ్మిన్ 123 పెట్టాను సార్" అని వెళ్లిపోతాడు. వాడు గేటు దాటేలోపు నువ్వే మార్చుకో. బయటి ఇంటర్నెట్ నుంచి నేరుగా రికార్డర్‌లోకి వచ్చేలా రౌటర్‌లో పోర్టులు తెరిచి పెట్టొద్దు.

నీ పీసీ మీద నీకున్న ఇష్టాన్ని చంపుకోమని అనను. రికార్డింగ్ డబ్బాకు వదిలేయి. ఆ డబ్బా నుంచే ఆర్‌టీఎస్‌పీ స్ట్రీమ్ (నెట్‌వర్క్ మీద వచ్చే లైవ్ వీడియో) తీసుకుని నీ పీసీలో ఫ్రిగేట్ నడుపుకో. రాత్రి పదకొండు తర్వాత టెర్రస్ మీద మనిషి కనబడితే నీ ఫోన్‌కు మెసేజ్ వచ్చేలా చేసుకో. పీసీ వారం రోజులు పడుకున్నా రికార్డింగ్‌కు నష్టం లేదు. ముప్పై, నలభై కెమెరాలుండి, చూసుకోవడానికి ఒక మనిషి జీతానికి ఉండే చోట నేనే సర్వర్, సాఫ్ట్‌వేర్ పెట్టించాను. అది వేరే సంగతి.

పోలీసులు ఫుటేజ్ అడిగే రోజు రాకూడదనే కోరుకుంటాను. వస్తే మొదట చూసేది టైం. గడియారం పది నిమిషాలు తప్పుంటే నీ సాక్ష్యం మీద అనుమానం వస్తుంది. జీఎంటీ+5:30 పెట్టి, ఎన్‌టీపీ (ఇంటర్నెట్ నుంచి టైం సరిచేసుకునేది) ఆన్ చేయి. 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు సర్టిఫికెట్ ఇవ్వాలి, అందులో హ్యాష్ విలువ (ఫైల్ మారలేదని చూపే వేలిముద్ర లాంటి అంకె) రాసే చోటు కూడా ఉంది. కాబట్టి కాపీ ఇచ్చిన రోజే హ్యాష్ తీసి రాసి పెట్టుకో. అది నీకు చిటికెలో పని.

రికార్డర్‌ను రిసెప్షన్ టేబుల్ కింద పెట్టొద్దు. దొంగ మొదట దాన్నే ఎత్తుకుపోతాడు. పై అంతస్తులో నీ ఆఫీసు గదిలో, గాలి ఆడే చిన్న ర్యాక్‌లో తాళం వేసి పెట్టు. డిస్క్ పాడైతే అందులో బజర్ మోగుతుంది. నిద్ర పాడవుతోందని ఆ బజర్‌ను సెట్టింగ్స్‌లో ఆపేసిన ఇళ్లు నేను ఎన్నో చూశాను. వార్డెన్ అక్కకు ముందే చెప్పు, మోగితే ఆపకుండా నీకు ఫోన్ చేయమని. నువ్వు మాత్రం ప్రతి నెలా ఒకటో తారీఖున లైవ్ మూసేసి, 89 రోజుల కిందటి ఒక రాత్రి తెరిచి చూడు.

ఇంకొకటి, ఇది నేను కోపంగా చెబుతున్నా అనుకున్నా ఫర్వాలేదు. గదుల్లోకి, బాత్‌రూమ్‌ల వైపు, బట్టలు ఆరేసుకునే చోటికి ఏ కెమెరా మూల కూడా తిరగకూడదు. ఆంతరంగిక వేళలో ఆడవాళ్లను తీయడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద జైలుకు పోయే పని. చట్టం లేకపోయినా చేయకూడదు. కారిడార్ కెమెరాలో గది తలుపు తెరిచినప్పుడు లోపల కనబడుతుంటే ప్రైవసీ మాస్క్ వేసి ఆ భాగం నల్లగా చేసేయి. ఫోన్లో చూసే యాప్ నీ దగ్గర, వార్డెన్ దగ్గర తప్ప మూడో మనిషి దగ్గర ఉండకూడదు. వాచ్‌మన్‌కు గేటు కెమెరా ఒక్కటే కనబడేలా వేరే యూజర్ పెట్టు. ఆ అమ్మాయిల నాన్నలు మనల్ని నమ్మి పిల్లల్ని పంపుతున్నారు.

ఆదివారం పొద్దున నేనూ మా కుర్రాడూ నిచ్చెనతో వస్తాం. అప్పటిదాకా ఏమీ కొనకు. రేపే మొదటి అంతస్తు కారిడార్‌లో వదిలేసిన వైరు చివర ఒక అంగుళం చెక్కి, రాగి ఏ రంగులో ఉందో ఫొటో తీసి పంపు. దాన్ని చూశాకే ఎక్స్‌వీఆరా, ఎన్‌వీఆరా అనేది చెబుతాను.

మీ అత్తయ్య నువ్వు వేళకు తింటున్నావా అని అడగమంది.

మీ మామయ్య