విండోస్ 10 వదిలి లినక్స్‌కి మారుదామంటే ఇంటికి ఏ కంప్యూటర్ తీసుకోవాలి?

మాస్టారూ, మీ ప్రశ్న సారాంశం ఇదీ కదా: నరసన్నపేటలో మీ ఇంట్లో ఆరో తరం ఐ3 డెస్క్‌టాప్ ఉంది. 4 జీబీ ర్యామ్, పాత హార్డ్‌డిస్క్. విండోస్ 11 ఎక్కనంటోంది కాబట్టి లినక్స్‌కి (విండోస్‌కి బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) మారదామనుకుంటున్నారు, దానికోసం 35 వేలలో ఏ ల్యాప్‌టాప్ కొనాలో చెప్పమన్నారు. ప్రశ్నపత్రాలు అను స్క్రిప్ట్ అనే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌లో టైపు చేస్తారు, కేనన్ ఎల్‌బీపీ 2900బీ ప్రింటర్ ఉంది, అమ్మాయి ఇంజినీరింగ్ రెండో సంవత్సరం.

నేనుండేది విజయనగరంలో. మా ఇంట్లో ఒక డెస్క్‌టాప్, ఒక సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నేళ్లుగా లినక్స్‌లో ఒక రకమైన లినక్స్ మింట్ మీదే నడుస్తున్నాయి. బావమరిది రైస్‌మిల్లు లెక్కలు చూస్తాడు, అతను మాత్రం ట్యాలీ కోసం విండోస్‌లోనే ఉన్నాడు, ఉండాలి కూడా. లినక్స్‌లో ట్యాలీ నేరుగా నడవదు. వైన్ (విండోస్ ప్రోగ్రాంలను లినక్స్‌లో నడిపించే సాఫ్ట్‌వేర్) పెట్టి నడిపించుకునేవాళ్లు ఉన్నారు గానీ, మార్చి నెలాఖరులో మిల్లు ఓనరు పక్కన నిలబడి ఉండగా ఆ ప్రయోగాలు ఎవరూ చేయరు.

అంచేత ప్రాసెసర్ సంగతి తరవాత చూద్దాం. ముందు మీ కంప్యూటర్‌కి ఏమేం తగిలించి వాడుతున్నారో, మీరు దేంట్లో పని చేస్తున్నారో చూడాలి. లినక్స్‌కి మారినవాళ్లు వెనక్కి వచ్చేది మెషీన్ స్లో అయి కాదు. ప్రింటర్ పలక్కపోతే వస్తారు, వైఫై దొరక్కపోతే వస్తారు, అలవాటైన ఒక్క సాఫ్ట్‌వేర్ లేకపోతే వస్తారు.

మీ దగ్గరున్న వాటిలో ఇబ్బంది పెట్టేది ఆ ప్రింటరే. జిరాక్స్ షాపుల నిండా కనిపించే మోడల్ అది, విండోస్‌లో రాయిలా పని చేస్తుంది. కానీ అది మాట్లాడేది కేనన్ సొంత భాష, క్యాప్ట్ అంటారు. లినక్స్‌లో కేబుల్ పెట్టగానే దానంతట అది రాదు. పాత డ్రైవర్లు వెతికి, ఫోరాల్లో చూసి, తంటాలు పడి నడిపించినవాళ్లున్నారు. ప్రింట్ తీస్తే చాలనుకునే ఇంట్లో నేనైతే ఆ జోలికి వెళ్లమని చెప్పను. కొత్త ప్రింటర్ కొంటే డబ్బా మీద ఎయిర్‌ప్రింట్ అని రాసి ఉందేమో చూడండి. ఐఫోన్ కోసం పెట్టిన ఆ సదుపాయమే లినక్స్‌కి కూడా పనికొస్తుంది, విడిగా డ్రైవర్ అక్కర్లేకుండా నెట్‌వర్క్ మీద దొరుకుతుంది. హెచ్‌పీ ప్రింటర్లు చాలావరకు బాగానే వస్తాయి, 1020 లాంటి పాత లేజర్‌జెట్‌లకు మాత్రం ఒక ప్లగిన్ అదనంగా దించుకోవాలి.

రెండోది అను. అనుకి లినక్స్ వెర్షన్ లేదు, పేజ్‌మేకర్‌కీ లేదు. మా నాన్నగారు గుడి కమిటీ కరపత్రాలు, పెళ్లి పత్రికల మేటర్లు ఏళ్ల తరబడి అనులోనే కొట్టారు. ఆయన వేళ్లకు ఆపిల్ అనే తెలుగు కీబోర్డు లేఅవుట్ (ఏ మీటకు ఏ అక్షరమో చెప్పే అమరిక) అలవాటు. మింట్‌లో ఐబస్ (వేరే భాషలు టైపు చేయించే ప్రోగ్రాం) పెట్టి, దాని కింద ఎం17ఎన్ ప్యాకేజీ వేస్తే తెలుగు కీబోర్డుల జాబితాలో ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్‌తో పాటు ఆపిల్ కూడా కనిపిస్తుంది. ఆయన మొదట్లో వత్తుల దగ్గర విసుక్కున్నారు. "ఇదేటిరా, నా చెయ్యి ఒకటి కొడితే ఇది ఇంకోటి వేస్తంది" అని పక్క గదిలోంచి కేకలు. తరవాత అలవాటు పడిపోయారు. ఇప్పుడు కొట్టేదంతా యూనికోడ్ (ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ చదవగలిగే అక్షరాల పద్ధతి) కాబట్టి అదే మేటరు వాట్సాప్‌లోనూ పంపుతున్నారు, అనులో ఉన్నన్నాళ్లూ అది కుదిరేది కాదు. ఫాంట్లకు కొదవ లేదు, సిలికానాంధ్ర వాళ్లు విడుదల చేసిన మండలి, రామభద్ర, సూరన్న లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. ప్రశ్నపత్రాలకు వర్డ్ లాంటి లిబ్రే ఆఫీస్ రైటర్ సరిపోతుంది. ఒక్కటి గుర్తుపెట్టుకోండి: బయట ప్రింట్ తీయించేటప్పుడు పీడీఎఫ్ చేసి ఇవ్వండి. వర్డ్ ఫైలుగా ఇస్తే, షాపు కంప్యూటర్‌లో ఆ ఫాంట్ లేకపోతే మీ ప్రశ్నలన్నీ ఒక పేజీలోంచి ఇంకో పేజీలోకి జారిపోతాయి.

పాత అను ఫైళ్లు మాత్రం యూనికోడ్ కావు. మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, కానీ మార్చాక ఒకసారి చదివి దిద్దుకోక తప్పదు. ఏళ్ల నాటి ప్రశ్నపత్రాల దొంతర ఉంటే, తరచూ వాడేవాటిని మార్చుకుని మిగతావి పీడీఎఫ్‌లుగా దాచేయండి. ఆ పని విండోస్ ఉండగానే చేయండి.

ఇక కంప్యూటర్. నా సలహా, ఇప్పుడే కొత్తది కొనకండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14న అయిపోయింది, ఇంటి వాడకందారులకు ఇంకో ఏడాది భద్రతా అప్‌డేట్లు ఇచ్చే ఏర్పాటు పెట్టింది, అంతే. అలాగని మీ ఆరో తరం ఐ3 పనికిరానిదైపోలేదు. విండోస్ 11 టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ అడుగుతుంది, ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది. లినక్స్ మింట్‌కి ఆ పట్టింపు లేదు. 2 జీబీ ర్యామ్ ఉన్నా ఎక్కుతుంది, 4 ఉంటే మంచిదని వాళ్లే చెప్తారు. బ్రౌజర్‌లో నాలుగు ట్యాబులు తెరిస్తే అసలు సంగతి తెలుస్తుంది కాబట్టి నేనైతే 8 అంటాను.

మీ మెషీన్‌ని నిజంగా నెమ్మది చేస్తున్నది ఆ తిరిగే హార్డ్‌డిస్క్. 256 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) ఒకటి వేయించి, ర్యామ్ 8 చేయించండి. ఆరో తరం బోర్డుల్లో కొన్ని డీడీఆర్3 రకం ర్యామ్ తీసుకుంటాయి, కొన్ని డీడీఆర్4. మూత తీసి బోర్డు మీద చూసుకుని కొనండి, లేదంటే షాపుకీ ఇంటికీ తిరగాల్సి వస్తుంది. ఈమధ్య ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, కాబట్టి సెకండ్‌హ్యాండ్ స్టిక్ దొరికినా నష్టం లేదు. పాత హార్డ్‌డిస్క్‌ని విండోస్‌తో సహా అలాగే ఉంచేయండి. బయోస్‌లో (ఆన్ అవుతుండగా తెరుచుకునే సెట్టింగుల తెర) ఎంచుకుంటే ఎప్పుడైనా దాంట్లోకి వెళ్లి అను తెరుచుకోవచ్చు, ఆ కేనన్‌లో ప్రింట్ తీసుకోవచ్చు. ఇంటర్నెట్ మాత్రం అందులో వాడకండి.

డెస్క్‌టాప్ ఉంచుకుంటే కరెంటు సంగతి కూడా ఆలోచించాలి. మన వైపు వేసవి కోతలు, తుపాన్లు కొత్త కాదు. 2018లో తిత్లీ వచ్చినప్పుడు పలాస, ఉద్దానం వైపు కరెంటు ఎన్నాళ్లకు వచ్చిందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని వెనక ఎకో, యూపీఎస్ అని చిన్న స్విచ్ ఉంటుంది, చాలామంది దాన్ని చూసి ఉండరు. యూపీఎస్ వైపు పెడితే కరెంటు పోయినప్పుడు మారడం త్వరగా జరుగుతుంది, కంప్యూటర్ రీస్టార్ట్ కాదు. మా ఇంట్లో విడిగా యూపీఎస్ కొనకుండా గడిచిపోతున్నది ఆ స్విచ్ వల్లే.

అమ్మాయికి మాత్రం ల్యాప్‌టాప్ కావాలి, అక్కడ మీ 35 వేలు పెట్టండి. కానీ ముందు తన బ్రాంచి ఏమిటో చూడండి. సీఎస్‌ఈ అయితే లినక్స్ కలిసొస్తుంది. సివిల్, మెకానికల్ అయితే వాళ్లు వాడే డిజైన్ సాఫ్ట్‌వేర్లు ఆటోక్యాడ్, సాలిడ్‌వర్క్స్ లినక్స్‌కి లేవు. ఆన్‌లైన్ పరీక్షలకు కాలేజీ వాళ్లు సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్ పెట్టమంటే దానికీ లినక్స్ వెర్షన్ లేదు. కాబట్టి తన ల్యాప్‌టాప్‌లో విండోస్ 11, లినక్స్ రెండూ పక్కపక్కన ఉండటం మేలు.

ఈ ధరలో దొరికే కొత్త ల్యాప్‌టాప్‌ల కంటే, కంపెనీలు వాడి వదిలేసిన బిజినెస్ ల్యాప్‌టాప్‌ల మీదే నా ఓటు. థింక్‌ప్యాడ్ టీ480, డెల్ లాటిట్యూడ్ 5490, హెచ్‌పీ ఎలైట్‌బుక్ 840 జీ5, ఈ వరసవి. చాలావాటిలో ఎనిమిదో తరం ఇంటెల్, ఇంటెల్ గ్రాఫిక్స్, ఇంటెల్ వైఫై కార్డు. లినక్స్‌కి ఇవన్నీ కొట్టినపిండి. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ విప్పి మార్చుకోవచ్చు, కీబోర్డు గట్టిది. లినక్స్‌కి ఎనిమిదో తరమే కావాలని లేదు, కానీ రేపు మళ్లీ విండోస్ 11 అవసరమైతే అదే మెషీన్‌లో ఎక్కుతుంది, అమ్ముకోవాలన్నా ధర పలుకుతుంది. మీ బడ్జెట్‌లో మిగులు కూడా ఉంటుంది.

కొత్తదే కావాలంటే ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు లేనిది చూడండి. స్నాప్‌డ్రాగన్ చిప్‌తో వస్తున్నవి లినక్స్ కోసమైతే వద్దు. డిస్క్‌కి బదులు 64 జీబీ ఈఎంఎంసీ స్టోరేజీ ఉన్న చౌక మోడళ్లు దేనికీ వద్దు. మార్కెట్లోకి వచ్చి ఓ ఏడాదైనా అయిన మోడల్ అయితే దాని వైఫై, సౌండ్ చిప్‌లు లినక్స్ కెర్నెల్‌కి (దాని మూల భాగానికి) అప్పటికే తెలిసి ఉంటాయి.

కొత్తదైనా పాతదైనా, జేబులో పెన్‌డ్రైవ్ లేకుండా షాపుకి వెళ్లకండి. ఇంట్లో విండోస్‌లోనే రూఫస్ అనే ప్రోగ్రాంతో 8 జీబీ పెన్‌డ్రైవ్ మీద మింట్ రాసుకోండి. విశాఖ ద్వారకానగర్‌లో ల్యాప్‌టాప్ తీసుకునేటప్పుడు నేను పెన్‌డ్రైవ్ బయటకు తీస్తే షాపతను "ఏటి గురువుగారూ, వైరస్ గానీ ఎక్కిస్తారేటి?" అన్నాడు. డిస్క్‌ని ముట్టుకోదు, పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తుంది, తీసేస్తే అంతా మామూలే అని చూపించాక అతనే పక్కన కూర్చుని చూశాడు. పెన్‌డ్రైవ్ నుంచి నడపడానికి డెల్, లెనోవో అయితే ఆన్ చేస్తూ ఎఫ్12 నొక్కాలి, హెచ్‌పీ అయితే ఎఫ్9. తెర వచ్చాక ఫోన్ హాట్‌స్పాట్‌కి కలపండి, వైఫై సంగతి అక్కడే తేలిపోతుంది. ఒక పాట పెట్టండి, ఇయర్‌ఫోన్ గుచ్చి చూడండి. కెమెరా, వెలుతురు పెంచే తగ్గించే మీటలు చూడండి. మూత వేసి రెండు నిమిషాలాగి తెరవండి. నిద్రపోయిన ల్యాప్‌టాప్ లేవకపోతే, లేచినా వైఫై పోతే, అది వద్దు. షాపువాళ్లు ఆ ఒక్కటీ ఎప్పుడూ చూపించరు.

పాత ల్యాప్‌టాప్‌కి ఇంకో రెండు పరీక్షలు. మింట్‌లో పవర్ స్టాటిస్టిక్స్ అనే చిన్న ప్రోగ్రాం తెరిస్తే, బ్యాటరీ తయారైనప్పుడు ఎంత పట్టేది, ఇప్పుడు నిండితే ఎంత పడుతుందో రెండు అంకెలు పక్కపక్కనే ఉంటాయి. సగానికి పడిపోయి ఉంటే బ్యాటరీ ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. టీ480లో లోపలొకటి, బయటొకటి రెండు బ్యాటరీలుంటాయి, రెండూ చూడాలి. రెండోది, ఆన్ చేస్తూ బయోస్‌లోకి వెళ్లండి. అక్కడ పాస్‌వర్డ్ అడిగితే, "తరవాత తీయించేద్దాం సార్" అన్నా సరే, లేచి వచ్చేయండి. థింక్‌ప్యాడ్‌లలో అది ఊడదీయడం బోర్డు మార్చుకునేంత పని.

కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్ పక్కన లినక్స్ పెట్టేటట్టయితే, బయోస్‌లో ఏదైనా మార్చేముందు బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) రికవరీ కీ, అంటే 48 అంకెల సంఖ్య, కాగితం మీద రాసిపెట్టుకోండి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయినవాటిలో ఆ తాళం దానంతట అదే పడి ఉండొచ్చు. బయోస్‌లో సెక్యూర్ బూట్ అనే సెట్టింగు తీసేశాక విండోస్ ఆ 48 అంకెలు అడగొచ్చు, లేకపోతే లోపలికి రానివ్వదు. పదకొండో తరం నుంచి వచ్చిన కొన్ని ఇంటెల్ ల్యాప్‌టాప్‌లలో లినక్స్ ఇన్‌స్టాలర్‌కి అసలు ఎస్‌ఎస్‌డీయే కనిపించదు. డిస్క్ పాడైందని కంగారు పడక్కర్లేదు, బయోస్‌లో వీఎండీ అనే డిస్క్ సెట్టింగు ఆన్‌లో ఉండటం వల్ల అలా అవుతుంది. అయితే అందులో అప్పటికే విండోస్ ఉంటే వీఎండీని తీసేయగానే విండోస్ బూట్ కాకుండా పోవచ్చు. అందుకే అమ్మాయి ల్యాప్‌టాప్‌కి ఎనిమిదో తరమే హాయి అంటున్నాను.

ఏ మింట్ అని అడుగుతారేమో, ఐ3కి తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం, ల్యాప్‌టాప్‌కి సినమన్ రకం. మింట్ 22 వరసకి 2029 ఏప్రిల్ దాకా అప్‌డేట్లు వస్తాయి.

ముందు ఆ పెన్‌డ్రైవ్ మీ పాత డెస్క్‌టాప్‌కే పెట్టి ఒక ఆదివారం వాడి చూడండి. మూత తీసినప్పుడు మదర్‌బోర్డు మీదున్న మోడల్ నంబర్ ఇక్కడ రాయండి, ర్యామ్ ఏది పడుతుందో చెప్తాను. అమ్మాయి బ్రాంచి కూడా చెప్పండి.