స్టార్లా, థంబ్సా: సినిమా యాప్‌లో ఏది పెట్టాలి?

యూజర్ త్వరగా ఎంచుకోవాలి, ఎవరికి ఏ సినిమా చూపించాలో ఎంచే రికమెండేషన్ సిస్టమ్‌కీ పనికొచ్చే డేటా రావాలి, ఒకే స్క్రీన్‌తో రెండూ కుదురుతాయా అని ప్రశ్న. కుదురుతాయి. స్టార్లు మాత్రం వద్దు.

యూట్యూబ్ 2009లో చూసుకుంటే రేటింగుల్లో అత్యధికం ఐదు స్టార్లే. నచ్చినవాళ్లే నొక్కుతారు, మిగతావాళ్లు ఊరుకుంటారు. 2010లో లైక్, డిస్‌లైక్‌కి మారింది. నెట్‌ఫ్లిక్స్ 2017లో స్టార్లు తీసేసి థంబ్స్ (నచ్చింది, నచ్చలేదు) తెచ్చింది, 2022లో "చాలా నచ్చింది" అనడానికి రెండు థంబ్స్ చేర్చింది. స్టార్లు కనిపిస్తే జనం విమర్శకులైపోతారు: డాక్యుమెంటరీకి ఐదిచ్చి, రాత్రికి కామెడీ పెట్టుకుంటారు.

"ఆసక్తి లేదు" నొక్కగానే కారణం అడగండి: చూసేశాను, ఈ భాష వద్దు, ఇలాంటివి వద్దు. ఈ మూడు చాలు. అడగకపోతే, ఇష్టంగా చూసేసిన సినిమా కూడా నచ్చనిదాని కింద జమవుతుంది, అలాంటివన్నీ మాయమవుతాయి.

అసలు చిక్కు క్లిక్కులతో. పైన ఉన్నదాన్ని పైన ఉన్నందుకే నొక్కుతారు. రికమెండేషన్ మోడల్ ఆ క్లిక్కులు చూసి దాన్నే మళ్లీ పైకెత్తుతుంది. అందుకని ప్రతి సినిమా ఏ స్థానంలో కనిపించిందో లాగ్ చెయ్యండి. కొద్దిమంది యూజర్లకు వరుస తారుమారు చేసి చూపించి, ఏ స్థానానికి ఊరికే ఎన్ని క్లిక్కులు వస్తాయో కొలవండి; ఆ మేరకు పై స్థానాల క్లిక్కుల వెయిట్ (లెక్కలో వాటి విలువ) తగ్గించండి. స్క్రోల్ చెయ్యక స్క్రీన్ మీదకే రానిదాన్ని "వద్దన్నారు" అని లెక్కెయ్యడం మామూలుగా జరిగే పొరపాటు. దానంతటదే మొదలయ్యే ఆటోప్లే ప్రివ్యూ కూడా వీక్షణ కాదు.

జాబితాలో సినిమా పోస్టర్ కనిపించే కార్డు మీదే నిడివి, ఆడియో భాష చూపిస్తే తెరిచి వెంటనే మూసేసే క్లిక్కులు తగ్గుతాయి.