శబ్దం ఏ దారిన పోతా ఉందో ముందు చూడు

చిరంజీవి బుజ్జికి మామ ఆశీస్సులు.

తిరుపతి కొర్లగుంటలో రూము కుదిరింది, కొత్త మానిటరు, బ్లూటూత్ హెడ్‌సెట్టు వచ్చినాయి, శబ్దం మాత్రం చెప్పిన చోట పలకడం లేదని రాసినావు. సెట్టింగ్స్‌లో ఔట్‌పుట్ మార్చినా పాట పాత చోటే మోగుతా ఉందంటే నీ ఉబుంటు చెడిపోలేదురా, మళ్ళీ ఇన్‌స్టాల్ చేయబోకు. లైనక్స్‌లో శబ్దం ఎటు పోవాలో మూడు చోట్ల తేలుతుంది. మొత్తానికి డిఫాల్ట్ పరికరం ఏది, ఒక్కో అప్లికేషను దేనికి తగులుకుని ఉంది, సౌండ్ కార్డు ఏ ప్రొఫైల్‌లో, అంటే ఏ దారులు తెరిచి పెట్టిన అమరికలో ఉంది. నువ్వు మొదటిదే మార్చి, మిగతా రెండూ దాని వెంట వస్తాయనుకుంటున్నావు.

పావుకంట్రోల్ అనే ప్యాకేజీ వేసుకో, ఈ మూడూ ఒకేచోట చూసి మార్చుకోవచ్చు. పేరు ఇంగ్లీషులో పి, ఏ, వి, యు, తర్వాత కంట్రోల్, మధ్యలో ఖాళీ లేకుండా. ఉబుంటు 22.10 నుంచి లోపల శబ్దాన్ని నడిపేది పైప్‌వైర్, 22.04లో పల్స్‌ఆడియో, ఇది రెండింటిలోనూ పనిచేస్తుంది.

పాట మోగుతుండగానే దాన్ని తెరువు. ప్లేబ్యాక్ ట్యాబులో శబ్దం చేస్తున్న అప్లికేషన్లే కనబడతాయి, ఆపేస్తే ఆ వరస మాయమవుతుంది. చాలామంది పాట ఆపి వెతుకుతారు, అందుకే ఏమీ లేదంటారు. బ్రౌజరు పేరు కింద సన్న గీత ఒకటి శబ్దానికి తగ్గట్టు ఊగుతుంది. అది ఊగుతా ఉందంటే బ్రౌజరు తన పని తాను చేస్తున్నట్టే, తప్పు ఆ తర్వాత ఉంది. పక్కనే అది ఏ పరికరానికి పోతా ఉందో రాసుంటుంది, నొక్కి కావలసింది ఎంచుకో. గతంలో ఎప్పుడో ఒక అప్లికేషన్‌ను చేత్తో మార్చి ఉంటే సిస్టమ్ దాన్ని గుర్తుపెట్టుకుంటుంది. డిఫాల్ట్ మార్చినా ఆ ఒక్కటి కదలకపోవడానికి కారణం అదే. డిఫాల్ట్ మార్చాలంటే ఔట్‌పుట్ డివైసెస్ ట్యాబులో ఆ పరికరం పక్కనున్న ఆకుపచ్చ టిక్కు నొక్కు.

ఇక మానిటరు సంగతి. స్పీకర్లే లేని మానిటర్లు కూడా కొన్ని, నేను శబ్దం తీసుకుంటానని హెచ్‌డీఎంఐ తీగ ద్వారా చెప్పుకుంటాయి. కరెంటు పోయి వచ్చినప్పుడు మానిటరు మళ్ళీ లేస్తుంది, శబ్దం అటు దూకుతుంది, రూములో నిశ్శబ్దం. కాన్ఫిగరేషన్ ట్యాబులోకి పో. గ్రాఫిక్స్ కార్డు విడిగా కనిపిస్తే దాని ప్రొఫైల్ ఆఫ్ చేసేయ్, పీడ వదులుతుంది. లాప్‌టాప్‌లో చాలాసార్లు స్పీకరు, హెచ్‌డీఎంఐ రెండూ ఒకే కార్డు మీద ఉంటాయి. అప్పుడు ఆఫ్ చేస్తే అన్నీ పోతాయి, అనలాగ్ స్టీరియో డ్యూప్లెక్స్ (స్పీకరు, మైకు రెండూ పనిచేసేది) ఎంచుకో. ఎప్పుడైనా టీవీకి తగిలించి హెచ్‌డీఎంఐ ప్రొఫైల్ పెడితే, అనలాగ్ ఇన్‌పుట్ కూడా కలిసి ఉన్నదే తీసుకో. లేకుంటే లోపలి మైకు జాబితాలోంచే తప్పుకుంటుంది.

బ్లూటూత్‌లో పాట బాగుండి, మీటింగ్ మొదలవగానే పాత టెలిఫోన్ గొంతు వస్తోందన్నావే, అది హెడ్‌సెట్టు దోషం కాదు. వినడానికి మాత్రమే అయితే ఏ2డీపీ ప్రొఫైల్. దాని మైకు తెరిచిన క్షణం హెడ్‌సెట్ హెడ్ యూనిట్ ప్రొఫైల్‌కు మారుతుంది, అందులో శబ్దం మోనో, 8 లేదా 16 కిలోహెర్ట్జ్. మీటింగ్‌లో ఇన్‌పుట్‌గా లాప్‌టాప్ మైకు పెట్టుకో, ఏ2డీపీ అట్లాగే నిలుస్తుంది. దీనికోసం గాంధీ రోడ్డుకు పోయి ఇంకో హెడ్‌సెట్టు కొనబోకు.

టెర్మినల్‌లో, అంటే ఆదేశాలు టైపు చేసే కిటికీలో చేయాలంటే, నేను రాసేది పలికే పద్ధతి, నువ్వు ఇంగ్లీషు చిన్నక్షరాల్లో కొట్టు. పైప్‌వైర్‌లో డబ్ల్యూపీసీటీఎల్ స్టేటస్ అంటే సింక్స్ అనే శీర్షిక కింద శబ్దం పలికే పరికరాలు వస్తాయి, డిఫాల్ట్ ముందు నక్షత్రం గుర్తు ఉంటుంది. డబ్ల్యూపీసీటీఎల్ సెట్ అడ్డగీత డిఫాల్ట్, తర్వాత ఆ పరికరం నంబరు. ఈ నంబరు తీగ పీకి పెట్టినా, రీబూట్ చేసినా మారిపోవచ్చు, కీబోర్డు షార్ట్‌కట్‌లో అది రాసి పెట్టుకుంటే వారంలో మోసపోతావు. షార్ట్‌కట్‌కు పీఏసీటీఎల్ సెట్ అడ్డగీత డిఫాల్ట్ అడ్డగీత సింక్ వాడి, నంబరు బదులు పేరు ఇవ్వు. పేర్లు పీఏసీటీఎల్ లిస్ట్ షార్ట్ సింక్స్‌తో వస్తాయి.

వాల్యూమ్ ఒక్కో పరికరానికి విడివిడిగా గుర్తుంటుంది. హెడ్‌సెట్టులో 30లో విని, తెల్లవారుజామున స్పీకరుకు మార్చితే అక్కడ పాత 100 ఉండొచ్చు, పైన ఇంటి ఓనరుకు నీ సుప్రభాతం అయిపోతుంది. మార్చే ముందు ఔట్‌పుట్ డివైసెస్‌లో దాని వాల్యూమ్ గీత చూసి తగ్గించు.

గీత ఊగుతుంది, పరికరం సరైనదే, అయినా పలకదు అంటే టెర్మినల్‌లో ఆల్సామిక్సర్ తెరిచి ఎఫ్6తో అసలు కార్డు ఎంచుకో. మాస్టర్ కిందో, హెడ్‌ఫోన్ కిందో రెండు ఎమ్‌లు కనిపిస్తే అది మూసి ఉన్నట్టు, ఎమ్ నొక్కితే తెరుచుకుంటుంది. పరికరమే జాబితాలో లేకపోతే పైప్‌వైర్‌ను మళ్ళీ మొదలుపెట్టాలి, టెర్మినల్‌లో కొట్టాల్సింది సిస్టమ్‌సీటీఎల్, రెండు అడ్డగీతలు కలిపి యూజర్, రీస్టార్ట్, ఆపైన వైర్‌ప్లంబర్, పైప్‌వైర్, పైప్‌వైర్ అడ్డగీత పల్స్. ముందు సూడో (రూట్ అనే అడ్మిన్ హక్కుతో నడిపే మాట) పెట్టబోకు, ఇవి నీ లాగిన్ కింద నడిచేవి, రూట్ కింద కాదు.

అప్పటికీ కుదరకపోతే స్టేటస్ వచ్చిన స్క్రీన్ ఫోటో తీసి పంపు, నక్షత్రం ఎక్కడుందో కనబడాలి. పంపేటప్పుడు పాట మోగుతూ ఉండాలి.

మీ మామ
చిత్తూరు