చెట్ల కొమ్మలు కొట్టడం నిర్మాణ పని అవుతుందా?

సందేహం: ఇంగ్లండ్‌లో నలుగురు పనివాళ్లతో చెట్లు కొట్టే చిన్న సంస్థ నడుపుతున్నాను. ఒక ఫ్లాట్ల సముదాయంలో మూడు పెద్ద చెట్ల గుబురు తగ్గించే పని వచ్చింది. నిర్మాణ పనుల్లో భద్రతకు సంబంధించిన సీడీఎం నిబంధనల ప్రకారం నిర్మాణ దశ ప్రణాళిక (పని జరిగేటప్పుడు భద్రత ఎలా చూసుకుంటామో రాసే పత్రం) ఇవ్వాలని, ప్రధాన కాంట్రాక్టరుగా (కాంట్రాక్టర్లందరి పనినీ సమన్వయం చేసే బాధ్యుడిగా) సంతకం చేయాలని అక్కడి నిర్వాహకులు పట్టుబడుతున్నారు. మేం కట్టేది ఏమీ లేదు కదా? వచ్చే నెలలో మరోచోట కొత్త ఇల్లు కట్టబోయే స్థలంలో చెట్లు తీసేయాలి. రెండింటికీ ఒకటే సమాధానమా?

సలహా: కాదు. మీరు చెప్పినదాన్ని బట్టి మొదటి పనికి ఆ నిబంధనలు వర్తించవు, రెండోదానికి వర్తిస్తాయి. రెండు చోట్లా చెట్టెక్కేది అదే మనిషి, పట్టుకునేది అదే చైన్‌సా. కానీ ఆ పని దేనికోసం జరుగుతోందన్నదే ఇక్కడ తేల్చాల్సిన విషయం.

సీడీఎం అని మీరంటున్నవి 2015 ఏప్రిల్ 6 నుంచి ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లండ్‌లలో అమల్లో ఉన్న నిర్మాణ రూపకల్పన, నిర్వహణ నిబంధనలు. నిర్మాణ పని అంటే ఏమిటో 2వ నిబంధన చెబుతుంది. కట్టడాన్ని కట్టడం, మార్చడం, మరమ్మతు చేయడం, కూల్చడం వంటివన్నీ అందులో ఉన్నాయి. కట్టడాల జాబితాలో కలపతో చేసినవీ ఉన్నాయి కాబట్టి, చెట్టూ కలపే కదా అని వాదించే మహానుభావులు ఎదురైతే కంగారు పడకండి. మనిషి కలపతో నిలబెట్టింది కట్టడం. వేళ్లూని పెరిగింది చెట్టే. పాత 2007 నిబంధనలకు ప్రభుత్వ భద్రతా సంస్థ హెచ్‌ఎస్‌ఈ ప్రచురించిన ఆచరణ నియమావళి కూడా మొక్కలు నాటడం, సాధారణ తోటపని నిర్మాణ పని కాదనే చెప్పింది.

రెండో పని సంగతి వేరు. కట్టబోయే నిర్మాణం కోసం స్థలాన్ని శుభ్రం చేయడం కూడా నిర్మాణ పనేనని అదే నిర్వచనం అంటుంది. పునాది తవ్వడానికి అడ్డంగా ఉన్న చెట్టు కొట్టినా, మొద్దు పెకలించినా మీరు చట్టం దృష్టిలో కాంట్రాక్టరే. ఆ ప్రాజెక్టు మొత్తానికి మీరొక్కరే కాంట్రాక్టరైతే నిర్మాణ దశ ప్రణాళిక మీరే రాయాలి. ఇల్లు కట్టే వాళ్లు వేరే ఉంటే ప్రధాన కాంట్రాక్టరు ఒకరు ఉండాలి, వారి ప్రణాళికకు లోబడి మీరు పనిచేయాలి. యజమాని సొంతానికి ఇల్లు కట్టించుకుంటుంటే, యజమానిగా ఆయన మీద ఉండే బాధ్యతలు సాధారణంగా కాంట్రాక్టరు మీదికి వస్తాయి. ఇది చాలామందికి తెలియదు.

‘చిన్న పనే కదా, హెచ్‌ఎస్‌ఈకి తెలియజేయనక్కర్లేదు కదా’ అనే ధీమా కూడా పనికిరాదు. 30 పనిదినాలు దాటి, ఏదో ఒక సమయంలో 20 మందికి మించి ఒకేసారి పనిచేసే ప్రాజెక్టులను, లేదా 500 మనిషి-దినాలు (ఒక మనిషి ఒక రోజు చేసే పని ఒక మనిషి-దినం) దాటేవాటిని తెలియజేయాలి. అది కేవలం సమాచారం ఇవ్వడానికి పెట్టిన హద్దు. నిబంధనలు వర్తించడానికి అలాంటి హద్దేమీ లేదు.

అందుకే మొదటి పని ఒప్పుకునే ముందు ఆ నిర్వాహకులను ఒక్క ప్రశ్న రాతపూర్వకంగా అడగండి: ఈ కొమ్మలు ఎందుకు తీయిస్తున్నారు? నీడ ఎక్కువైందనో, ఎండుకొమ్మలు విరిగి పడతాయనో అయితే నా సమాధానం మారదు. పైకప్పు మరమ్మతుకు పరంజా కట్టాలి, కొమ్మలు అడ్డొస్తున్నాయి అంటే మాత్రం మీ పని ఆ ప్రాజెక్టులో భాగమవుతుంది. అప్పుడు వాళ్లు అడుగుతున్న కాగితాలకు అర్థం ఉంటుంది. అలాంటిదేమీ లేకపోతే, ప్రమాదాల అంచనా, పని చేసే పద్ధతి రాసివ్వండి, చాలు. ప్రధాన కాంట్రాక్టరు అన్న చోట మొహమాటానికి సంతకం పెట్టకండి. రేపు ఏదైనా జరిగితే ఆ కాగితమే మీ ముందు పెట్టి అడుగుతారు.

సీడీఎం వర్తించనంత మాత్రాన భారం తగ్గిందనుకోవద్దు. 1974 నాటి పనిచోట ఆరోగ్య భద్రతా చట్టం మీ పనివాళ్ల విషయంలోనూ, కింద నడిచే బాటసారుల విషయంలోనూ మిమ్మల్ని బాధ్యులను చేస్తుంది. ఎత్తులో పనికి 2005 నిబంధనలున్నాయి. తాడు మీద వేలాడుతూ పనిచేసే వ్యక్తికి విడివిడిగా బిగించిన రెండు తాళ్లు ఉండాలన్నది వాటిలో సూత్రం. రెండో తాడు వల్లే ప్రమాదం పెరుగుతుందని మీ అంచనాలో చూపగలిగి, తగిన జాగ్రత్తలు తీసుకుంటేనే ఒక్క తాడుకు సడలింపు. నా అనుభవంలో ఎక్కువ మంది తడబడేది ఇక్కడే: ఒక్క తాడుతో ఎక్కి, కారణం ఎక్కడా రాయరు. మనుషులను మోసే తాళ్లు, హార్నెస్‌లను (ఒంటికి బిగించుకునే రక్షణ పట్టీలను) సాధారణంగా ఆరు నెలలకోసారి అర్హుడైన వ్యక్తితో క్షుణ్నంగా పరీక్ష చేయించి నివేదిక దాచుకోవాలి. ఇది 1998 నాటి ఎత్తుడు పరికరాల నిబంధనల కింద వచ్చే బాధ్యత. చెట్టు మీద చైన్‌సా వాడేవారికి యోగ్యతా పత్రం ఉండాలి. పైనున్న మనిషి గాయపడి వేలాడుతుంటే దించగలిగినవాడు కింద సిద్ధంగా ఉండాలి. అంబులెన్స్ వచ్చేదాకా చూద్దాం అన్నది ప్రణాళిక అనిపించుకోదు.

భద్రతతో సంబంధం లేనిదే అయినా ఇదొకటి కూడా చూసుకోండి. ఆ మూడు చెట్లలో దేని మీదైనా సంరక్షణ ఉత్తర్వు (చెట్టును కాపాడేందుకు కౌన్సిల్ ఇచ్చే ఆదేశం) ఉందేమో పని మొదలుపెట్టకముందే స్థానిక కౌన్సిల్‌ను అడగండి. ఉంటే, అనుమతి లేకుండా కొమ్మ కోయడం నేరం. యజమాని చెప్పాడనే జవాబు మీకు రక్షణ కాదు.