"మొగుడొదిలేసింది అంటే ఏంటమ్మా" అని పాప అడిగితే ఏం చెప్పాలి?

కావలి దగ్గర ఒక పల్లె నుంచి ఒకమ్మాయి రాసింది, పేరు వద్దంది. వయసు 34. భర్త తాగొచ్చి కొడుతుంటే మూడేళ్ళ కిందట పాపని తీసుకుని పుట్టింటికి వచ్చేసింది, రొయ్యల కంపెనీలో పనికి పోతా ఉంది, పాపకి ఇప్పుడు తొమ్మిదేళ్ళు. పోయిన నెల అన్న కూతురి ఓణీల ఫంక్షన్ జరిగింది. మేనత్త అంటే ఈ అమ్మాయే, ఇంకెవరూ లేరు, అయినా సొంత తల్లే పిలిచి "నలుగురొచ్చే చోట ముందుకి రాబాకు, లోపల భోజనాల కాడ చూసుకో" అందంట. హారతి టైంలో ఒక పెద్దామె "ఆ మొగుడొదిలేసిన పిల్ల యాడుంది" అని గట్టిగా అడగటం, పాప వినటం, రాత్రి పక్కలో పడుకుని "నాన్న మనల్ని వదిలేశాడా, మనం నాన్నని వదిలేశామా" అని అడగటం. "దానికేం చెప్పాలి మేడం, అసలు నన్ను నేను ఏమని చెప్పుకోవాలి" అని రాసింది.

అమ్మా, ముందు ఆ మాట సంగతే చూద్దాం, ఎందుకంటే నిన్ను కోస్తా ఉంది అదే. "మొగుడొదిలేసింది" అన్నప్పుడు పని చేసింది మొగుడు, నువ్వేమో ఒక వస్తువు, పనికిరాక పారేసినట్టు. కానీ జరిగింది అది కాదు కదా. దెబ్బలు తినలేక బిడ్డని పట్టుకుని బయటికొచ్చింది నువ్వు. మన ఊళ్ళల్లో అన్నదమ్ములు వేరుపడతారు, పొలం పంచుకుంటారు, పొయ్యి వేరు పెట్టుకుంటారు, వాళ్ళని ఎవరన్నా "అన్న వదిలేసినోడు" అంటారా? వేరుపడ్డారు అంటారు, అంతే, మరుసటి పండక్కి పిలుస్తారు కూడా. ఆ మాట నీకు మాత్రం ఎందుకు పనికిరాదు? ఎవరన్నా అడిగితే "విడిగా ఉంటున్నాం" అను. చిన్న మాటే కానీ అందులో అబద్ధం లేదు, ఏడుపు లేదు.

ఇక ఫంక్షన్ రోజు జరిగింది. ఊరు చేస్తే దాన్ని వెలి అంటాం, తప్పని అందరికీ తెలుసు, ఇంట్లో వాళ్ళు చేస్తే మాత్రం "పద్ధతి" అంటారు. వెలి అంటే బయట, వెలుపల అనే అర్థం, అంతకు మించి అందులో ఏం లేదు, నిన్ను వంటల కాడికి పంపటం కూడా అదే. ఆ ఇంట్లోనే నీ మేనకోడల్ని మూల కూర్చోబెట్టారు, వేరే చాప, వేరే కంచం, వేరే గ్లాసు. నాకు ఆ ఆచారం కూడా నచ్చదు, అయినా ఒకటి గమనించు, ఆ పిల్లకి ఇన్ని రోజులని లెక్క ఉంది, ఆ లెక్క అయిపోగానే తలకి పోసి కొత్త బట్టలు కట్టి అందరి మధ్యకి తీసుకొచ్చారు. నీకు మూడేళ్ళయినా ఆ లెక్క ఎవరూ చెప్పలేదు. మీ అమ్మతో ఒంటరిగా ఉన్నప్పుడు, వదిన లేనప్పుడు, ఇదే అడుగు, "అమ్మా, నన్ను ఎన్నాళ్ళు లోపల కూర్చోబెడతావు?" అని. అరవబాకు. ఆమెకి నీ మీద ప్రేమ లేక కాదు, నలుగురికి భయపడి చేసింది, అది నేను చాలామంది తల్లుల్లో చూశాను. ఆ తర్వాత మీ అన్నతో మాట్లాడు, తర్వాత శుభకార్యానికి మేనత్త చేసే పనులు నువ్వే చేస్తావని పత్రికలు పంచకముందే తేల్చుకో, ఆ రోజు పదిమందిలో అడిగితే గొడవే మిగులుద్ది.

చట్టం దగ్గర ఇంకో రకం మాటలు. నీకు విడాకులు కాలేదు కాబట్టి కాగితం మీద నువ్వు ఇప్పటికీ భార్యవే. ఇద్దరూ ఒప్పుకుంటే, ఏడాదికి తక్కువ కాకుండా విడిగా ఉండి ఉంటే, హిందూ వివాహ చట్టం 13బి కింద కలిసి పిటిషన్ వెయ్యొచ్చు, ఆరు నెలల గడువుంటుంది, తగిన కారణముంటే కోర్టు దాన్ని తీసెయ్యొచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. విడిగా ఉండటమంటే వేరే ఊళ్ళో ఉండటమే అనుకోబాకు, ఒకే కప్పు కింద ఉన్నా భార్యాభర్తలుగా బతకకపోతే విడిగా ఉన్నట్టేనని 1991లోనే సుప్రీంకోర్టు తేల్చింది. ఆయన ఒప్పుకోకపోతే కొట్టాడన్న కారణంతో నువ్వొక్కదానివే కేసు వెయ్యొచ్చు. విడాకులు వద్దనుకున్నా ఫర్వాలేదు, నీకూ పాపకీ ఖర్చులకి మనోవర్తి అడగొచ్చు, దానికి విడాకులు అయ్యుండాల్సిన పనిలేదు. లాయరు ఫీజు గురించి భయపడబాకు, న్యాయ సేవాధికార సంస్థలో ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్ని పెడతారు, 15100కి ఫోన్ చెయ్యి. ఆయన మళ్ళీ ఇంటి మీదకొస్తే 181కి చెయ్యి.

పింఛన్లలో "ఒంటరి మహిళ" అని ఒకటుంది, మన ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి నెలకి 4000. వయసు, ఎన్నాళ్ళుగా విడిగా ఉన్నావు ఇవన్నీ చూస్తారు, సచివాలయంలో కనుక్కో. ఆ ఒంటరి అన్న మాట చూసి మళ్ళీ బాధపడబాకు, అది దరఖాస్తు మాట, పక్కలో పాపని పెట్టుకుని పడుకునేదానివి నువ్వు ఒంటరి ఎట్టా అవుతావు.

పాప సంగతి చివరికి ఉంచాను, తేలికని కాదు. పిల్లకాయలు ఇట్టాంటివి అడిగేటప్పుడు లోపల ఇంకో ప్రశ్న ఉంటది, "నా వల్లేనా, నన్ను కూడా వదిలేస్తారా" అని. కాబట్టి "పెద్దయ్యాక తెలుస్తుందిలే" అనబాకు. "నాన్న కొడుతున్నాడు, అది తప్పు, అందుకని నేనే నిన్ను తీసుకుని వచ్చాను, మనం విడిగా ఉంటున్నాం, ఇందులో నీ తప్పేం లేదు, నిన్ను నేను వదలను" అని చెప్పు. ఆయన్ని తిట్టబాకు, ఆ పిల్లకి ఆయన నాన్నే. "నాన్నని చూడాలనుంది" అంటే కోప్పడకుండా విను, ఎట్టా ఎక్కడ అనేది లాయర్ని అడిగి చూద్దువు. పాప అడిగి నెలవుతోంది, నువ్వు ఇంకా ఏమీ చెప్పలేదు, ఈ రాత్రే చెప్పు.